నాగపట్నం నేర్పిన లెక్క

ఆపదలో ఉన్నవాడికి చెయ్యందించడానికి మంచి మనసుంటే చాలనుకుంటాం. సునామీ తర్వాత నాగపట్నానికి అలాంటి మంచి మనసులు లారీలకు లారీలు వచ్చాయి. అయినా కొన్ని ఊళ్లకు ఒకే వస్తువు రెండేసి మూడేసి సార్లు అందితే, వాటి పక్కనే ఉన్న కొన్ని గుడిసెలకు ఏమీ అందలేదు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికేం కావాలి, ఇప్పటికే ఎవరు ఏం ఇస్తున్నారు... ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవడం ఎంత పెద్ద పనో తెలియాలంటే ఆ ఊరికి వెళ్లాల్సిందే.

2005 జనవరి మొదటి రోజులు. నాగపట్నం చుట్టుపక్కల రోడ్ల వెంట ఎక్కడ చూసినా బట్టల గుట్టలే. చీరలు, ప్యాంట్లు, చొక్కాలు, చిన్నపిల్లల గౌన్లు... ఆఖరికి ఉన్ని స్వెట్టర్లు కూడా. దేశం నలుమూలల నుంచీ వచ్చిన లారీలు దింపేసి వెళ్లినవి అవి. చుట్టూ ఉన్నవేమో సముద్రం సర్వం ఊడ్చుకుపోయిన ఊళ్లు, కట్టుబట్టలతో మిగిలిన మనుషులు. అయినా ఆ గుట్టల వైపు వెళ్లినవాళ్లు తక్కువే. మంచుకు తడిసి, ఎండకు ఎండి, పశువుల కాళ్ల కింద పడి ఆ బట్టలు మట్టిలో కలిసిపోయాయి.

చూడవచ్చినవాళ్లకు ఇది వింతగా తోచింది. అక్కడివాళ్లకు మాత్రం అందులో వింతేమీ లేదు. వారం కిందటి వరకూ సొంత పడవ, పక్కా ఇల్లు, పండక్కి కొత్త బట్టలు కొనుక్కునే స్తోమత ఉన్న కుటుంబాలు ఆ ఊళ్లలో చాలానే ఉండేవి. ఎవరో కట్టి విడిచిన చీరను రోడ్డు మీద ఏరుకోవడానికి వాళ్లకు మనసొప్పలేదు. వాళ్లకు కావలసినవి వేరు. వండుకోవడానికి గిన్నెలు, నీళ్లు పట్టుకోవడానికి బిందెలు, ఆడవాళ్లకు లోదుస్తులు, తప్పిపోయినవాళ్ల ఆచూకీ. ఏం కావాలని ముందుగా అడిగి వచ్చిన లారీలు చాలా తక్కువ.

తమిళనాడు ప్రభుత్వం పోగుచేసిన ఇలాంటి బట్టలను ఆ తర్వాత ఢిల్లీకి చెందిన గూంజ్ సంస్థ తీసుకుని ఏరి, బాగుచేసి, పనికొచ్చే వస్తువులుగా మార్చింది. అది తర్వాతి మాట. నాగపట్నం అసలు కథ ఆ గుట్టల దగ్గరే మొదలవుతుంది.

సుమత్రా చుట్టరికం

కావేరి డెల్టా చిట్టచివర, బంగాళాఖాతం ఒడ్డున ఉంటుంది నాగపట్నం. ఉత్తరాన అయిదారు కిలోమీటర్ల దూరంలో నాగూరు దర్గా, దక్షిణాన పదీ పన్నెండు కిలోమీటర్ల దూరంలో వేళాంగణి ఆరోగ్యమాత చర్చి, ఊరి మధ్యలో పాత శివాలయం. మూడు మతాలవాళ్లూ మొక్కులు చెల్లించుకోవడానికి వచ్చే తీరం ఇది. తెలుగునాట నుంచి వేళాంగణి మాత దగ్గరకు ఏటా వెళ్లే కుటుంబాలు ఎన్నో.

చోళుల కాలంలో ఇది పెద్ద రేవు. వెయ్యేళ్ల కిందట సుమత్రా దీవి కేంద్రంగా ఏలిన శ్రీవిజయ రాజు ఇక్కడ చూడామణి విహారం పేరుతో ఓ బౌద్ధ విహారం కట్టించాడు. రాజరాజ చోళుడు ఆ విహారానికి ఒక గ్రామం ఆదాయాన్ని దానమిచ్చాడు. లైడెన్ రాగి రేకులుగా పేరుపడ్డ శాసనాలు ఈ సంగతి చెబుతాయి. తర్వాత పోర్చుగీసువాళ్లు వచ్చారు, డచ్చివాళ్లు వచ్చారు, 1781లో ఇంగ్లిషువాళ్లు వచ్చారు. ఇంకొంచెం ఉత్తరాన ఉన్న తరంగంబాడిలో డేన్లు కోట కట్టుకున్నారు. 1620లో వాళ్లకు ఆ చోటిచ్చింది మనవాడే... తంజావూరును ఏలిన తెలుగు నాయకరాజు, కవి రఘునాథ నాయకుడు.

సముద్రం దాటి వచ్చినవాళ్లను ఆదరించడం ఈ తీరానికి తరతరాల అలవాటు. కానీ 2004 డిసెంబరు 26న సుమత్రా వైపు నుంచి వచ్చింది వర్తకులు కారు. ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్ర గర్భంలో 9.1 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు రెండున్నర గంటల్లో ఆ అల నాగపట్నం తీరాన్ని తాకింది. ముందురోజే క్రిస్మస్. వేళాంగణి తీరం యాత్రికులతో నిండి ఉంది. అక్కరైపేట్టై, కీచాంకుప్పం రేవుల్లో జాలర్లు చేపలు దింపుతున్నారు. ఆడవాళ్లు గంపలు పట్టుకుని ఒడ్డునే ఉన్నారు. పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు.

తమిళనాడులో చనిపోయిన ఎనిమిది వేల మందిలో ఆరు వేల మందికి పైగా ఈ ఒక్క జిల్లావాళ్లే. పెద్ద పెద్ద మరపడవలు రోడ్ల మీదకూ, ఇళ్ల మీదకూ వచ్చిపడ్డాయి. బడులు, కల్యాణ మండపాలు, గుళ్లు, మసీదులు, చర్చిలు ఆశ్రయాలయ్యాయి. పక్క జిల్లా తంజావూరులో కలెక్టరుగా ఉన్న జె.రాధాకృష్ణన్‌ను ప్రభుత్వం ఇక్కడికి పంపించింది. అయిదు నెలల ముందే కుంభకోణం బడిలో 94 మంది పసివాళ్లను పొట్టనబెట్టుకున్న అగ్నిప్రమాదాన్ని చూసిన అధికారి ఆయన.

రెండో అల

మొదటి అల నీళ్లది. రెండోది సాయానిది! ఈ మాట అప్పట్లో నాగపట్నంలో తరచూ వినిపించేది.

టీవీల్లో ఆ దృశ్యాలు చూసి ప్రపంచం కదిలిపోయింది. వందల సంఖ్యలో స్వచ్ఛంద సంస్థలు నాగపట్నం చేరాయి. వాటిలో దేశదేశాల్లో పనిచేసే పెద్దవి ఉన్నాయి, మఠాలూ మిషన్లూ ఉన్నాయి, కాలేజీ కుర్రాళ్లు చందాలు పోగేసుకుని వేసుకొచ్చిన వ్యాన్లూ ఉన్నాయి. అందరిదీ ఒకటే ఆరాటం... వెంటనే ఏదో ఒకటి చెయ్యాలి!

మరి ఎక్కడ చెయ్యాలి? కొత్తగా వచ్చినవాళ్లకు తెలిసింది పేపర్లో చదివిన ఊళ్ల పేర్లే. రోడ్డు పక్కన ఏ ఊరు కనబడితే అక్కడ ఆగేవారు. దాంతో ప్రధాన రహదారి మీద, పట్నానికి దగ్గరగా ఉన్న ఊళ్లకు పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఇంకొకరు వచ్చేవారు. వాగు దాటి లోపలికి వెళ్లాల్సిన వాడలకు ఎవరూ వెళ్లేవారు కారు. ఒక ఊళ్లో ఒకే కుటుంబం పేరు నలుగురు రాసుకుపోతే, పక్క ఊళ్లో రాసుకునేవాళ్లే లేరు.

దీనికి తోడు ఈ తీరం అంతా ఒకే పాలన కింద లేదు. నాగూరు దాటగానే కారైకాల్ వస్తుంది. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. అది దాటాక మళ్లీ తమిళనాడు. సముద్రానికి హద్దులు తెలియవు గానీ ఫైళ్లకు తెలుసు. ఒకే అల ముంచిన పక్క పక్క ఊళ్లకు రెండు వేర్వేరు ప్రభుత్వాలు, రెండు వేర్వేరు జాబితాలు.

ఖాళీ గడి కోసం వెతుకులాట

జనవరి మొదటి రోజుల్లోనే రెండు సంస్థలు ఈ గందరగోళాన్ని గమనించాయి. ఒకటి తిరువనంతపురం కేంద్రంగా పనిచేసే దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్య. రెండోది నాగపట్నంలోనే ఏళ్ల తరబడి మత్స్యకార మహిళల మధ్య పనిచేస్తున్న ‘స్నేహ’. ఈ రెండూ కొత్తగా ఈ తీరానికి వచ్చినవి కావు. ఏ ఊళ్లో ఎవరు పెద్దమనుషులో, ఎవరి పడవ ఎవరి దగ్గర అప్పుతో కొన్నదో, ఏ వీధికి ఏ వీధితో పడదో వీటికి తెలుసు. ఇవి ఇంకో సహాయ శిబిరం పెట్టడానికి బదులు కలెక్టరేటులోనే ఒక సమన్వయ కేంద్రాన్ని తెరిచాయి. తర్వాత అదే స్వచ్ఛంద సంస్థల సమన్వయ, వనరుల కేంద్రంగా పేరు తెచ్చుకుంది.

అక్కడ జరిగిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక పక్క ఊళ్ల పేర్లు. ఇంకో పక్క అవసరాలు... తిండి, తాగునీరు, మరుగుదొడ్లు, తాత్కాలిక గుడారాలు, పిల్లల చదువు, వైద్యం, పడవలు, వలలు, పొలాలు. మధ్యలోని గళ్లలో అక్కడ ఆ పని ఎవరు చేస్తున్నారో వాళ్ల పేరు. అంతే! మన కిరాణా కొట్లో ఖాతా పుస్తకంలాంటిదే.

ఆ పట్టికను చదవడం మొదలుపెడితే మాత్రం కథ మారిపోతుంది. ఒక గడిలో ఏడెనిమిది పేర్లున్నాయంటే అక్కడికి ఇక ఎవరూ పోనక్కర్లేదని అర్థం. ఒక గడి ఖాళీగా ఉందంటే అక్కడ మనుషులు ఎదురుచూస్తున్నారని అర్థం. కొత్తగా ఏ సంస్థ వచ్చినా ముందు ఈ కేంద్రానికి వస్తే... మీ దగ్గర ఏముంది, ఎన్నాళ్లు ఉంటారు, ఇంతకుముందు ఈ పని చేశారా అని అడిగి ఖాళీ గడి చూపించేవారు. ఊళ్లను కొన్ని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు కొందరు కార్యకర్తలను పంపి, ఏ పూట ఏం కావాలో తెప్పించుకునేవారు. ఇళ్లు కట్టేవాళ్లు ఒక బృందంగా, పడవల పని చూసేవాళ్లు ఒక బృందంగా, పిల్లల సంగతి చూసేవాళ్లు ఇంకో బృందంగా కూర్చునేవారు. అధికారులూ ఆ సమావేశాలకు వచ్చేవారు. ప్రభుత్వం లెక్క, సంస్థల లెక్క ఒకే బల్ల మీదకు రావడం అలా మొదలైంది. కొన్నాళ్లకు ఊళ్లలోనే సమాచార కేంద్రాలు తెరిచి, ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో, అర్జీ ఎక్కడ ఇవ్వాలో చెప్పే ఏర్పాటు చేశారు.

ఇలాంటి ప్రయత్నం మన దేశానికి కొత్తేమీ కాదు. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని కచ్‌లో స్థానిక సంస్థలన్నీ కలిసి ‘సేతు’ పేరుతో ఊళ్ల మధ్య కేంద్రాలు పెట్టాయి. అటు ప్రజలకూ ఇటు ప్రభుత్వానికీ నడుమ వంతెనలా ఉండటమే వాటి పని. పేరు కూడా అందుకే అది.

అయితే ఈ కేంద్రం చేతిలో మంత్రదండమేమీ లేదు. మా ఊరికి మీరే రండి అని పిలిచే పెద్దలు, మాకు రోడ్డు పక్క ఊరే కావాలి అని పట్టుబట్టే దాతలు, పట్టికతో పనిలేకుండా నేరుగా వెళ్లి డబ్బు పంచి ఫొటో తీయించుకునేవాళ్లు... అందరూ ఉన్నారు. వాళ్లను ఆపే అధికారం ఆ పట్టికకు లేదు. ఏ గడిలో జనం కిక్కిరిసి ఉన్నారో నలుగురికీ కనబడేలా చెయ్యడమే దానికి చేతనైంది. నలుగురూ చూస్తున్నారన్న స్పృహ చాలాసార్లు పనిచేసింది.

జాబితాలో లేనివాళ్లు

ఇక్కడే నాగపట్నం ఇంకో పాఠం చెప్పింది. పట్టికలో ఖాళీ గడి ఉంటే కనబడుతుంది. అసలు పట్టికలో వరసే లేనివాళ్ల మాటేమిటి?

ఈ తీరంలోని మత్స్యకారుల్లో ఎక్కువమంది పట్టినవర్ కులస్థులు. మన నెల్లూరు, ప్రకాశం తీరంలోని పట్టపు మత్స్యకారుల మూలాలు తమిళ తీరంలోనే ఉన్నాయంటారు. మన పట్టపుపాలేల్లో కాపులు, పెద్దలు ఉన్నట్టే ఇక్కడా ప్రతి ఊరికీ పెద్దల పంచాయతీ ఉంటుంది. సముద్రంలో తగవులొచ్చినా, గుడి ఉత్సవమైనా, వేటకు సెలవైనా వాళ్ల మాటే చెల్లుతుంది. సునామీ వచ్చిన కొన్ని గంటల్లోనే ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అన్న లెక్క చెప్పగలిగింది ఈ పెద్దలే. వచ్చిన సరుకంతా ఒకచోట పోసి ఇంటింటికీ సమానంగా పంచిన ఊళ్లు ఉన్నాయి. ఇంత బలమైన ఏర్పాటును పక్కనపెట్టి ఎవరూ ఏ పనీ చెయ్యలేరు.

కానీ ఆ పెద్దల జాబితాకు ఓ పద్ధతి ఉంది. ఊరికి పన్ను కట్టే పెళ్లయిన మగవాడే అక్కడ కుటుంబానికి లెక్క. మొగుణ్ని సముద్రం తీసుకుపోయిన ఆడమనిషి, పెళ్లికాని పెద్ద కూతురు, మనవలను పెంచుతున్న ముసలమ్మ... చాలా ఊళ్లలో వీళ్ల పేర్లు జాబితాలోకి అంత తేలిగ్గా ఎక్కలేదు.

ఇక పడవ లేనివాళ్ల సంగతి మరీ కష్టం. సునామీ అంటే జాలర్ల కష్టం అనే అందరి మనసులో ముద్రపడిపోయింది. వాళ్ల కష్టం నిజమే. కానీ ఆ అల ఉప్పునీటిని వేల ఎకరాల పొలాల్లోకీ తోసింది. ఉప్పు పేరుకున్న నేలలో నారు పడదు. రైతుకు పంట పోతే దళిత కూలీకి పని పోయింది. కూలీకి పడవ పోలేదు, ఇల్లు పోలేదు, కాబట్టి ఏ పరిహారం జాబితాలోనూ పేరు లేదు. పోయింది రెండు మూడు కార్ల కూలి! దాన్ని ఏ గడిలో రాయాలి? వేదారణ్యం ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లదీ ఇదే పరిస్థితి. 1930లో రాజాజీ ఉప్పు సత్యాగ్రహం చేసింది ఆ వేదారణ్యంలోనే. వాగుల్లో చేత్తో రొయ్యలు పట్టుకుని బతికే ఇరులర్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. కొన్ని శిబిరాల్లో దళితులను దూరం పెట్టారన్న ఆరోపణలు అప్పట్లో వార్తల్లోకెక్కాయి.

చేపలమ్మే ఆడవాళ్ల కథ ఇంకోలా ఉంది. సముద్రంలో శవాలున్నాయి, చేపలు తినకూడదన్న భయంతో కొన్ని వారాలపాటు జనం చేప ముట్టలేదు. గంపలో సరుకు పెట్టుకుని ఊళ్లు తిరిగే ఆడవాళ్ల పెట్టుబడి అలతో పోయింది, బేరం ఆ పుకారుతో పోయింది. వాళ్లకు కావలసింది కొద్దిపాటి పెట్టుబడి, గిన్నెలు, ఐసు పెట్టె, కూర్చుని అమ్ముకోవడానికి ఓ నీడ. పడవల కోసం కోట్లు వచ్చిన చోట గంప కోసం అడగాల్సి వచ్చింది. ‘స్నేహ’ లాంటి సంస్థలు పట్టుబట్టాకే ఈ పేర్లు ఒక్కొక్కటిగా పట్టికలోకి ఎక్కాయి. ఎవరిని అడిగి జాబితా రాశామన్నదాన్ని బట్టే ఎవరు మిగిలిపోతారో తేలిపోతుంది.

పడవలు ఎక్కువ... చేపలు అన్నే!

పడవల సంగతి కూడా చెప్పుకోవాలి. దాతలకు పడవ అంటే మహా ఇష్టం. కొత్త ఫైబర్ బోటు, దాని మీద సంస్థ పేరు, ఒడ్డున నిలబడి ఒక ఫొటో. నిజానికి చాలా ఊళ్లకు మొదట కావలసింది మరమ్మతు. విరిగిన పడవను అతికి, ఇసుకలో కూరుకున్న ఇంజిన్‌ను విప్పి శుభ్రం చేస్తే మళ్లీ వేటకెళ్లొచ్చు. మత్స్యకారుల సమాఖ్య ఆ పనికే పూనుకుంది. కానీ కొత్త పడవలు వస్తూనే ఉన్నాయి. కొన్నిచోట్ల హడావుడిగా చేసిన నాసిరకం బోట్లు కూడా వచ్చాయి.

అంతకుముందు ఇంకొకరి పడవ మీద కూలికెళ్లేవాళ్లకూ పడవలొచ్చాయి. మంచిదే కదా! కానీ అందరూ యజమానులైతే పడవ నడపడానికి మనుషులేరీ? నలుగురు వెళ్లాల్సిన పడవకు ఇద్దరు దొరకని పరిస్థితి వచ్చింది. రెండు మూడు దుంగలు కట్టుకుని వెళ్లే పాత కట్టుమరాలు, అంటే మన తెప్పలు మూలనపడ్డాయి. తెప్పకు డీజిలు ఖర్చు లేదు. ఫైబర్ బోటుకు ఉంది. పడవలు పెరిగాయి గానీ సముద్రంలో చేపలు పెరగలేదు. ఈ ప్రమాదాన్ని మత్స్య నిపుణులు అప్పుడే హెచ్చరించారు. ఒక్కో సంస్థ తాను ఇచ్చిన పడవలనే లెక్కపెట్టుకుంది. తీరం మొత్తం మీద ఎన్నయ్యాయో కలిపి చూసినవాళ్లకే తేడా తెలిసింది.

ఇళ్ల పని కొంత పద్ధతిగా సాగింది. లక్షన్నర రూపాయల విలువైన ఇల్లు, దాని కొలతలు, తీరానికి ఎంత దూరం... ఇవన్నీ 2005 మార్చిలో ప్రభుత్వం జీవో ఇచ్చి ఖరారు చేసింది. ఏ ఊళ్లో ఏ సంస్థ కట్టాలో కలెక్టరేటులో కూర్చుని తేల్చారు, ఒప్పందాలు రాసుకున్నారు. అందువల్ల ఒక ఊరికి ముగ్గురు పోటీపడటం తగ్గింది. అయినా ఊరంతా ఒకే నమూనాలో కనిపించాలన్న తాపత్రయంతో కొన్నిచోట్ల చెక్కుచెదరని పాత ఇళ్లను పడగొట్టారు, నీడనిచ్చే చెట్లను కొట్టేశారు. పాత ఇంటి ముందు చెట్టు కింద కూర్చుని వల అల్లుకునే మనిషికి కొత్త కాలనీలో ఎండ మిగిలింది. తరంగంబాడిలాంటి చోట ఇంటింటికీ తిరిగి, వంట ఎక్కడ, వాకిలి ఎటు అని మాట్లాడి కట్టిన ఇళ్లకూ వీటికీ తేడా ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది.

మూడు డాలర్లు... ఏడు వేల డాలర్లు

సునామీ సాయం మీద అంతర్జాతీయ సంస్థలన్నీ కలిసి ఓ పెద్ద సమీక్ష చేయించి 2006లో నివేదిక ఇచ్చాయి. అందులో ఓ లెక్క ఉంది. సునామీ బాధితుల్లో ఒక్కొక్కరికి సగటున 7,100 డాలర్లకు పైగా సాయం సమకూరింది. అదే 2004లో బంగ్లాదేశ్ వరద బాధితులకు దక్కింది తలకు 3 డాలర్లు! కష్టం తీవ్రతను బట్టి కాక, టీవీలో ఎంత కనబడిందన్నదాన్ని బట్టి డబ్బు వెళ్తుందని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. స్థానికుల శక్తినీ, వాళ్లు అప్పటికే చేస్తున్న పనినీ బయటి నుంచి వచ్చినవాళ్లు చాలాచోట్ల పట్టించుకోలేదని కూడా ఆ నివేదిక తేల్చింది.

ఎవరు, ఏం పని, ఎక్కడ... అనే పట్టికలు ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాల్లో ఇప్పుడు మామూలైపోయాయి. తిండికి ఒక బృందం, నీళ్లకు ఒకటి, గూడుకు ఒకటి అంటూ పని పంచుకునే విధానాన్ని ఆ సంస్థ 2005లోనే మొదలుపెట్టింది. నాగపట్నం సమన్వయ కేంద్రం పనిలోంచి ఆ తర్వాత తీరప్రాంత ప్రజలు విపత్తులను తట్టుకునేలా చూసే ‘బెడ్‌రాక్’ అనే సంస్థ పుట్టింది. 2018 నవంబరు 16న గజ తుపాను వేదారణ్యం దగ్గరే తీరం దాటి కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మళ్లీ లారీలు కదిలాయి. మళ్లీ రోడ్డు పక్క ఊళ్లు, లోపలి ఊళ్లు అన్న తేడా చర్చకొచ్చింది.

మన తీరంలో...

ఈ లెక్క తెలుగువాళ్లకూ అవసరమే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు దేశమంతా కదిలి వచ్చింది. ఎన్నో సంస్థలు ఊళ్లను దత్తత తీసుకున్నాయి. ఆ కాలనీలు, తుపాను ఆశ్రయాలు ఇప్పటికీ ఆ కథ చెబుతాయి. నాగపట్నాన్ని ముంచిన సునామీయే మన రాష్ట్రంలోనూ వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత హుద్‌హుద్ వచ్చింది, తిత్లీ వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు అన్నం పొట్లాలకు కొరత లేదు. అయినా రోడ్డు మొదట్లో ఉన్నవాళ్ల చేతికి వచ్చినంత తేలిగ్గా లోపలి వీధుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్లకు చేరలేదు.

ఆపద వచ్చాక కూర్చుని పట్టిక రాయడం ఎంత కష్టమో నాగపట్నం చూసింది. మామూలు రోజుల్లో అయితే ఆ పని సులువు. ఊళ్లో బోరు వేయించాలన్నా, బడికి గదులు కట్టించాలన్నా, విదేశాల్లో ఉన్న పిల్లలు పుట్టిన ఊరికి ఏదో చేద్దామన్నా ముందు కొంత తిరిగి చూడాలి. పంచాయతీ ఏం చేస్తోంది, డ్వాక్రా సంఘం ఏం చేస్తోంది, అదే నీళ్ల పథకం ప్రభుత్వ కాగితాల మీద ఇప్పటికే మంజూరై ఉందా? చెరువు చివరి ఆయకట్టు రైతు ఏమంటున్నాడు? చెరువులో బట్టలుతికి బతికే మనిషి ఏమంటున్నాడు? ఇవి అడక్కుండా కట్టిన మంచినీళ్ల ట్యాంకులు నీళ్లు లేకుండా నిలబడి ఉన్న ఊళ్లు అందరికీ తెలిసినవే.

డిసెంబరు 26 వస్తే నాగపట్నం తీరంలో ఇప్పటికీ జనం గుమిగూడతారు. సముద్రంలో పాలు పోస్తారు, పూలు వదులుతారు. వేళాంగణిలో సామూహికంగా ఖననం చేసిన చోట నిలిపిన స్మారక స్తూపం దగ్గర కొవ్వొత్తులు వెలుగుతాయి. ఆ వేళ ఒడ్డున నిలబడినవాళ్లలో పడవలున్నవాళ్లుంటారు, గంపలున్నవాళ్లుంటారు, పొలం పనికి పోయేవాళ్లుంటారు. సముద్రం అందరి నుంచీ తీసుకుంది. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం జాబితా ఉన్నవాళ్లకే ముందు అందింది. మళ్లీ ఎక్కడైనా చందాల డబ్బా వీధిలోకి వచ్చినప్పుడు అందులో ఓ నోటు వేసి, ఇది ఎవరికి వెళ్తుంది, అక్కడ ఇప్పటికే ఎవరున్నారు అని ఒక్క మాట అడిగితే... ఆ తీరం పడ్డ కష్టానికి కాస్త అర్థం ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు...

* ఈ పనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఇద్దరి పేర్లూ రాయండి.
* ఇదే పని అక్కడ ఇప్పటికే ఎవరు చేస్తున్నారు? ప్రభుత్వం, సంఘాలు, గుడి, చర్చి, మసీదు, ఊరి పెద్దలు... అందరినీ కలవండి.
* ఎవరి మాట చెల్లుతుంది, ఎవరి మాట వినపడదు? రెండోవాళ్ల ఇళ్లకు విడిగా వెళ్లండి. నలుగురిలో వాళ్లు నోరు విప్పరు.
* జాబితా ఎవరు ఇచ్చారు? ఇంకొకరిని అడిగి సరిచూసుకోండి. ఆడవాళ్లను తప్పకుండా అడగండి.
* మీరు వెళ్లిపోయాక దాన్ని ఎవరు చూసుకుంటారు? ఆ పేరు దొరక్కపోతే పని మొదలుపెట్టకండి.

ఎలా వెళ్లాలి?

చెన్నై నుంచి నాగపట్నం సుమారు 300 కిలోమీటర్లు. చెన్నై, తంజావూరు, తిరుచ్చిల నుంచి రైళ్లు, బస్సులు ఉన్నాయి. విమానంలో వెళ్లేవాళ్లు తిరుచ్చిలో దిగాలి. నాగపట్నంలో బసచేసి నాగూరు, వేళాంగణి ఒకే రోజులో చూడొచ్చు. తరంగంబాడిలో డేన్ల కోట, అలలు తాకే మాసిలామణినాథర్ ఆలయం చూడదగ్గవి. తరంగంబాడి 2020లో ఏర్పడ్డ మయిలాడుదురై జిల్లాలోకి వెళ్లింది. వేళాంగణి ఉత్సవాలు ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు జరుగుతాయి. అప్పుడు రద్దీ ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ప్రయాణానికి అనువైనవి.